నిన్నటి నీరు, నేటి స్నానం

(సాంస్కృతికోత్సవాల రెండవనాటి ఉదయం సదస్సులో చేసిన ప్రసంగం)



నాకిచ్చిన వ్యవధి పది నిమిషాలు. ఆ తర్వాత భోజనాలు. భోజనానికి ముందు మురుగునీటి ప్రస్తావన మర్యాద కాదని మా ఆవిడ నిన్ననే హెచ్చరించింది. అయినా సాహసిస్తున్నాను. రేపు సభలు ముగియగానే మీలో సగంమంది పిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డుకు వెళతారని నాకు తెలుసు.

2015 వేసవిలో ఒక శనివారం దక్షిణ కాలిఫోర్నియాలో మేమూ అలాగే వెళ్ళాం. మా మనవడికి అప్పుడు ఆరేళ్ళు. మధ్యాహ్నమంతా అలల్లోనే ఉన్నాడు, నీళ్ళు మింగాడు కూడా. ఆదివారం మళ్ళీ వెళితే ఒడ్డున బోర్డు: బాక్టీరియా హద్దు మించింది, నీటిలో దిగవద్దు అని. అది శనివారం ఉదయం పట్టిన నీటి ఫలితం! సోమవారం వాడికి వాంతులు, విరేచనాలు. సముద్రం వల్లనేనని నేను ప్రమాణం చేయలేను; శనివారం రాత్రి తిన్న పుట్టినరోజు కేకు మీద కూడా మాకు అనుమానం ఉంది. కాని వాడడిగిన ప్రశ్న నన్ను వదలలేదు: "తాతయ్యా, నిన్న నీళ్ళు బాగోకపోతే నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

ఎందుకు చెప్పలేరో మన వంటింట్లోకి చూస్తే అర్థమవుతుంది. రాత్రి పాలు తోడుపెడితే పెరుగయిందో లేదో తెల్లవారితే గాని తెలియదు. పాత నీటి పరీక్షా అంతే. పట్టిన నీటిని సన్నని పొరగుండా వడగట్టి, ఆ పొరను సూక్ష్మజీవులకు ఆహారం కలిపిన పళ్ళెంలో వేసి, 24 గంటలు వెచ్చగా ఉంచుతారు. ఒక్కొక్క బాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. ఆ చుక్కలు లెక్కపెడతారు. వెతికేది ముఖ్యంగా ఎంటరోకోకస్ అనే దాన్ని. అది మనుషుల, జంతువుల పేగుల్లో ఉండేది. నీటిలో కనిపించిందంటే మురుగు కలిసి ఉండవచ్చునని గుర్తు. న్యూయార్కు, బోస్టను వంటి చోట్ల ఈతకు దిగినవారి ఆరోగ్యాన్ని విచారించి విక్టర్ కబెల్లి బృందం చేసిన పరిశోధనల ఆధారంగా 1986లో ఫెడరల్ పర్యావరణ సంస్థ సముద్రతీరాలకు సగటు హద్దు నిర్ణయించింది: 100 మిల్లీలీటర్లకు 35.

సముద్రం మాత్రం గిన్నెలో పెరుగులా కదలకుండా కూర్చోదు. ఆటుపోట్లు, గాలి, ఎండ నీటిని గంటగంటకూ మార్చేస్తాయి. కాబట్టి ఆ బోర్డు రెండు విధాల మోసం చేస్తుంది. చెడ్డనీటిలో పిల్లలు ఆడుతుంటే అది ఉండదు. నీరు బాగుపడ్డాక వచ్చి నిలుచుంటుంది.

బాక్టీరియా పెరిగేదాకా ఆగకుండా దాని డి.ఎన్.ఎ.ని పట్టుకోవడమే దీనికి విరుగుడు. 1983లో కేరీ మల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. పద్ధతి దీనికి పునాది. ఆయనకు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. అన్నట్టు ఆయనకు అలలమీద పలక వేసుకు తేలే సరదా ఉండేది. ఈ పద్ధతిలో డి.ఎన్.ఎ. ముక్క ఒక్కొక్క విడతకు రెట్టింపవుతుంది. ముప్పై విడతల్లో ఒకటి 107 కోట్లవుతుంది! షికాగో నగరం 2017 నాటికే మిషిగన్ సరస్సు ఒడ్డున ఈ తరహా పరీక్ష వాడింది. సముద్రంతో చిక్కు ఎక్కువ. మట్టి, ఆకుల కుళ్ళు కలిసిన నీరు ఈ రెట్టింపును అడ్డుకుంటుంది. అందుకని నమూనాను దాదాపు 20,000 బిందువులుగా విడగొట్టి, ఏ బిందువు వెలిగింది, ఏది వెలగలేదని లెక్కించే పద్ధతి వచ్చింది. శాన్‌డియాగో కౌంటీ 2022 మేలో దీన్ని తన తీరాలకు అమలుచేసింది. దేశంలో ఇదే మొదటిది. ఉదయం పట్టిన నీటి ఫలితం ఆ రోజే చేతికొస్తుంది.

ఇంతవరకు శుభవార్త. తర్వాతి కథ అంత తీపి కాదు. ఆ కౌంటీ దక్షిణపు అంచున ఇంపీరియల్ బీచ్ అనే చిన్న ఊరుంది. మెక్సికోనుంచి టిహువానా నది తెచ్చే మురుగు ఆ పక్కనే సముద్రంలో కలుస్తుంది. కొత్త పరీక్షకు చూపు చురుకు. పాతది చూడనిదాన్ని చూసింది. తీరం మూసిన రోజులు పెరిగాయి. సముద్రాన్నే నమ్ముకున్న అంగళ్ళవారు గగ్గోలుపెట్టారు. వారి బాధ అబద్ధం కాదు. పైగా ఈ పద్ధతి చచ్చిన బాక్టీరియా డి.ఎన్.ఎ.ని కూడా లెక్కలో వేస్తుంది. అయినా నా మటుకు నాకు, మురుగును దాచే పరీక్షకంటె బయటపెట్టే పరీక్షే మేలు. అద్దం పగలగొడితే ముఖంమీది మచ్చ పోదుగదా!

ఇక వైరసులు. నిజానికి ఈతగాళ్ళను ఎక్కువగా పడగొట్టేవి నోరోవైరస్ వంటివే. కొద్ది రేణువులు చాలు. ఎంటరోకోకస్ ఎండకు చచ్చినా కొన్ని వైరసులు ఇంకా మిగిలి ఉండవచ్చు. నీటిలో పలచగా ఉంటాయి గనుక చాలా నీటిని గాఢపరచి వెతకాలి, అది రోజూ అయ్యే పని కాదు. అందుకని శాస్త్రజ్ఞులు ఒక గుర్తును పట్టుకున్నారు. అదేమిటో వింటే గుంటూరువారు సంతోషిస్తారు: మిరప మొక్కలకు తెగులు తెచ్చే వైరస్! మిరపకాయతో, కారంతో మన కడుపులోకి వెళ్ళి, మనకేమీ చేయకుండా బయటికి వస్తుంది. అమెరికా మురుగులో కూడా అది పుష్కలంగా దొరికింది. 2009లో ఫ్లోరిడా పరిశోధకులు దీన్ని మనిషి మురుగుకు ఆనవాలుగా వాడవచ్చన్నారు. ఆవకాయ తినేవాళ్ళు మాత్రమే దోషులని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఇక్కడివారి సాసులూ దీనికి బాధ్యులే.

వాన కురిశాక మూడు రోజులు, అంటే 72 గంటలు, నీటిలో దిగవద్దని కాలిఫోర్నియా కౌంటీలు చెబుతుంటాయి. వీధుల మురికంతా కాలువలగుండా సముద్రంలో కలిసేది అప్పుడే. మురికి కాలువ సముద్రంలో పడేచోట ఏర్పడే చిన్న మడుగు పిల్లలకు మహాముద్దు. వాళ్ళను అక్కడ ఎప్పుడూ ఆడనివ్వకండి.

మా మనవడిప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఒడ్డుకు బయలుదేరేముందు వాడే ఫోనులో ఫలితం వెతుకుతాడు; నీరు ఏ రోజు పట్టిందో కూడా చూస్తాడు. పోయిన వేసవిలో ఒకనాడు చూసి, "తాతయ్యా, ఇవాళ ఇసుకవరకే" అన్నాడు. ఇసుకలోనే కూర్చుని పులిహోర తిని వచ్చాం.

భోజనాలు పిలుస్తున్నాయి. సెలవు.