గాజు – గాజులు

విజయవాడలో కార్తిక శుద్ధ విదియనాడు ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మవారికి గాజుల అలంకారము జరుగుచున్నది. రంగురంగుల ఆ గాజుల దండలను చూచినపుడు మాకొక తలంపు కలుగును. మన భాషలో గాజు అనునది ద్రవ్యము పేరు. అదియే చేతి ఆభరణమునకును పేరయినది. బంగారముతో చేయించుకొన్నను అవి మనకు బంగారుగాజులే. గాజు తెలుగింటికి అంత చేరువ. పూర్వము గాజులవాడు మలారము భుజమున వేసికొని కృష్ణామండలపు పల్లెలన్నియు తిరిగెడివాడు. అయినను నేడు మన అంగళ్లలోని మట్టిగాజులలో పెక్కులు ఉత్తరప్రదేశమందలి ఫిరోజాబాదునుండి వచ్చుచున్నవి. అట్లని గాజుపని తెలుగునేలకు పరాయిదా? కాదని మనవి చేయుటకే ఈ ప్రసంగము.

1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినపుడు ధాతువులుంచిన స్ఫటికపు భరిణె బయటపడినది. స్ఫటికము భూమి ఇచ్చిన రాయి. దానిని చెక్కి నునుపు చేయవలెను. గాజు అట్టిది కాదు. ఇసుకను చవుటిమంటితో కలిపి కొలిమిలో కరగించి మనుష్యుడు తానే చేసికొన్న రాయి అది. మన దేశమున పూర్వులు గాజును ఇట్లు వండిరి.

ఈ విద్యలో ఒక శాఖ మన రాష్ట్రమందే, తిరుపతి సమీపమున పాపానాయుడుపేటలో ఇటీవలివరకు వచ్చినది. అచటి పనివారు కరగిన గాజుముద్దను లాడ అను ఇనుపగొట్టమునకు పట్టించి, నడుమ బోలుగా మలచి, కొలిమిలో నిలుపుదురు. ఒకడు కొక్కెముతో దాని కొనను అందుకొని, సన్నని గొట్టముగా ఎడతెగక లాగును. తొందరపడినచో గొట్టము సన్నగిల్లును, జాగుచేసినచో లావగును. కొలబద్ద ఆతని చేయియే. ఆ గొట్టములను చిన్న తునుకలుగా నరికి, బూడిదలో కలిపి మరల కాల్తురు. రంధ్రము మూసికొనదు, అంచులు గుండ్రమగును. అదే పూస.

అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ 20వ శతాబ్ది చివరి భాగమున ఈ పనిని పరిశీలించి, రెండువేల ఏండ్ల నాడు పుదుచ్చేరి చెంత అరికమేడులో పూసలు చేసిన పద్ధతి ఇదియేనని చూపెను. కృష్ణ సముద్రమును కలియు చోటికి దాపున ఘంటసాల ఓడవ్యాపారముతో వర్ధిల్లిన కాలమును దాదాపు అదియే. ఈ రీతి పూసలు తూర్పున ఆగ్నేయాసియాకును, పడమట ఆఫ్రికా తీరమునకును చేరినవి.

విజయవాడకు చేరువనున్న కొండపల్లి బొమ్మను ఇంట నిలుపుకొని, చేసినవారి ఊరిపేరు మనము మరువలేదు. పూసకు ఆ భాగ్యము లేదు. దానిని మెడలో ధరించువారు పెక్కుమంది, ఎవరు చేసిరని అడుగువారు అరుదు. ఈ పని గ్రంథము చూచి నేర్చునది కాదు. తండ్రి చేతిని చూచి కొడుకు నేర్వవలెను. ఒక తరము కొక్కెమును విడిచినచో, రెండవ తరమునకు చూపు చేయి ఉండదు. కావున పూసలదండ కొనునపుడు, ఇది ఏ ఊరి పనియో అని మనమందరము ఒక్కమాట అడుగుట మంచిది.