హిమవంతపు దేశమున కడపటి దినము

యాత్రలయందు కడపటి దినమునకు ప్రత్యేకత యొకటి గలదు. అంతవరకు ఎదుటి వస్తువును చూచు మనస్సు ఆనాడు సగము ఇంటివైపు తిరుగును. మన సాహిత్యమున దీనికి ప్రవరుడే సాక్షి. పెద్దన మనుచరిత్రములో నాతడు సిద్ధుడొసగిన పాదలేపముచే హిమాలయమునకేగెను. మంచునకు లేపము కరగిపోగా నిల్లు చేరు దారి గానక తల్లడిల్లెను. నేటి యాత్రికునకు తిరుగు విమానపు చీటి ముందుగనే చేతనుండును గావున, ఆతనికి నిశ్చింతగా నాలోచించుటకు తీరిక గలదు.

ఇటీవల నేను నేపాళదేశమునకు పోయి, కడపటి దినమును కాఠ్మాండూ లోయలోని భక్తపురమున గడపితిని. ఉదయమున మబ్బు విడి, ఉత్తరదిక్కున మంచుకొండల వరుస కానవచ్చెను. బడిపిల్లలచే అమరకోశము వల్లె వేయించిన వాడను గావున, కొండకు గల పర్యాయపదములలో నొకటి వెంటనే నోటికి వచ్చెను: అచలము. కదలనిది యని యర్థము.

కాని ఆ కొండ కదలుచునే యున్నది. భారతఖండమును మోయు భూఫలకము ఉత్తరముగా జరిగి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియా ఫలకమును ఢీకొనెను. నడుమనున్న సముద్రపు టడుగు ముడుతలు పడి పైకి లేచెను. దీనికి నిదర్శనము మన దేవతార్చన పెట్టెలలోనే కలదు. కాళీగండకీ నదిలో దొరకు చక్రాంకిత సాలగ్రామములు ప్రాచీనసముద్రమున జీవించిన గుల్లప్రాణుల శిలారూపములు. తెలుగుటిండ్లలో నిత్యము అభిషేకమందు ఆ చిన్నరాయి, కొండ యొకప్పుడు కడలి యని చెప్పుచున్నది. పర్వతములకు పూర్వము ఱెక్కలుండెననియు, ఇంద్రుడు వానిని ఖండింపగా మైనాకుడు సముద్రమున దాగెననియు మన పెద్దలు చెప్పిరి. అచలమని పేరిడిన జాతియే ఎగురుకొండల కథయు చెప్పుకొనుట గమనింపదగినది.

శ్రోతలారా, ఈ కదలిక వినోదమునకు చెప్పుకొను సంగతి కాదు. 1934 జనవరిలోను, మరల 2015 ఏప్రిల్ 25వ తేదీనాడును ఆ లోయ కంపించెను. రెండవసారి దేశమున దాదాపు 9,000 మంది మరణించిరి. ఆ లోయ పూర్వమొక సరస్సు. మంజుశ్రీ ఖడ్గముతో కొండను చీల్చి నీటిని వెడలించెనని అచ్చటి గాథ. సరస్సుండెననుట శాస్త్రజ్ఞులకును సమ్మతమే. దాని యడుగున పేరుకొనిన మెత్తని మట్టిమీదనే నేటి పట్టణములు నిలిచియున్నవి. భూకంపమున నట్టి నేల రాతినేలకంటె హెచ్చుగా ఊగుట సామాన్యము.

1702లో భూపతీంద్రమల్లుడు కట్టించిన న్యాతపోల యను ఐదంతస్తుల కోవెలకు పైభాగమున దెబ్బ తగిలినను, రెండు భూకంపములకును కూలలేదు. అనతిదూరమున నున్న వత్సలాదేవి కోవెల 2015లో నేలమట్టమయ్యెను. దానిని తిరిగి కట్టిరి.

మధ్యాహ్నము కుమ్మరుల వాడకు పోయితిని. ఒక వృద్ధుడు సారె త్రిప్పుచుండెను. ఆ భూకంపమున నాతని యిల్లు కూలెను; దాని క్రింద తమ్ముడు పోయెను. “మరల వచ్చునను భయము లేదా? వేరొక చోటికి పోరాదా?” యని నాకు వచ్చిన హిందీలో నడిగితిని. ఆతడు చేతిలోని నల్లని మట్టిముద్దను చూపి, “అయ్యా, వచ్చును. మా తాతయు చూచెను, నేనును చూచితిని. కాని యీ మట్టి యిక్కడనే గదా యున్నది!” యనెను. ఆ మట్టి ఆ సరస్సు మిగిల్చినదే. ఇల్లు కూల్చినదియు, అన్నము పెట్టినదియు నొక్క నేలయే. వరద వచ్చునని తెలిసియు లంకలు సాగుచేయు గోదావరి రైతునకు ఈ మాట క్రొత్త గాదు.

ఆతడు లేచి నాకు తన క్రొత్త యిల్లు చూపెను. ఇటుకగోడల నడుమ చుట్టును కాంక్రీటు పట్టీలు వేసియుండెను. ఇవి గోడలను నలువైపుల బిగించి పట్టుకొనునని వివరించెను. నేల కదలదని నమ్మి ధైర్యముగా నుండుట సులభము. కదలునని యెరిగి, అందుకు తగినట్లు గోడకట్టి, ఆ రాత్రి దాని క్రిందనే నిదురించుట వేరు. కొండలకంటె నాకా యింటిలోనే స్థైర్యము హెచ్చుగా గోచరించెను.

ఆతనియొద్ద ప్రమిద యొకటి కొంటిని. కార్తికమున మా తులసికోట చెంత ఆ సరస్సు మట్టిలో దీపము వెలుగును.