మరక ఎక్కడ? ఊట ఎక్కడ?
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మనము తీసుకొనిన అంశము మీకు కొంచెము వింతగా తోచవచ్చును. స్నానాల గదిలో పట్టిన మొండి మరకలను గూర్చి మాట్లాడుకుందాము.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో బోరు నీళ్లు వాడిన ఇల్లాలికి ఈ మరకలు కొత్త కాదు. నల్లా చుట్టూ తెల్లని పెచ్చు, బకెట్టు లోపల గరుకైన పొర, సగం పూడిపోయిన షవరు రంధ్రాలు, హీటరు రాడ్డు మీద సున్నపు గడ్డ! క్రిస్మస్‌కు చుట్టాలు వస్తున్నారంటే మన తల్లులు, అక్కచెల్లెళ్లు ఇనుప పీచు పట్టుకొని గంటల తరబడి రుద్దుతారు. చేతులు బొబ్బలెక్కుతాయి గాని మరక పోదు. ఎందుకు పోదు?

ప్రియులారా, మొదట ఆ మరక ఏమిటో తెలుసుకోవలెను. మనది రాతి నేల. భూమి లోపల నీరు మట్టి పొరల గుండా, రాతి పగుళ్ల గుండా దిగుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొంటుంది. ఆ నీరు ఆరినా, కాగినా లవణాలు మాత్రము మిగిలి గట్టిపడతాయి. కాబట్టి మీ నల్లా మీద ఉన్నది మురికి కాదు, పలుచని రాయి. సబ్బుతో రాయి కరుగుతుందా? కరగదు సరిగదా, ఆ లవణాలతో కలిసిన సబ్బు విరిగి గోడలకు బూడిదరంగు జిడ్డుగా అంటుకొంటుంది. ఎక్కువ సబ్బు వాడినకొద్దీ ఎక్కువ జిడ్డు.

ఈ తెల్లని పెచ్చుకు పులుపు కావలెను. నకిరేకల్ వైపు నిమ్మతోటలకు కొదువ లేదు గదా. నిమ్మరసములో గాని వెనిగర్‌లో గాని గుడ్డ తడిపి నల్లాకు చుట్టండి. అరగంట ఓపిక పట్టండి. ఆ తరువాత మెత్తని బ్రష్షుతో రుద్ది నీళ్లతో కడగండి. షవరు పూడిపోతే ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, షవరు తల అందులో మునిగేలా కట్టి ఉంచండి. సబ్బు జిడ్డుకైతే ముందు వంటసోడా కలిపిన వేడినీళ్లు, దానిని కడిగిన తరువాత పులుపు. ఎర్రని తుప్పు మరకకు నిమ్మరసము, ఉప్పు. తుప్పు మీద బ్లీచింగ్ పౌడరు చల్లవద్దు, ఆ మరక ఇంకా గట్టిపడుతుంది. స్నానమైన వెంటనే తడి తుడిచివేస్తే మరక పుట్టనే పుట్టదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు వినండి. మొదటిది ప్రాణానికి సంబంధించినది. బజారులో సీసాలలో దొరికే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడును కలుపవద్దు. రెండును కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చుతుంది. వెనిగర్‌తో కూడ బ్లీచింగ్ కలుపరాదు. రెండవది, మన ఇండ్లలో చాలామంది షాబాదు బండలు, తాండూరు బండలు పరిచారు. అవి సున్నపురాయి. తెల్లని పెచ్చులో ఉన్న పదార్థమే ఆ బండలోను ఉన్నది. యాసిడ్ పెచ్చును తినివేయునప్పుడు బండను విడిచిపెడుతుందా? అది రెండింటినీ తింటుంది. నిమ్మరసము కూడ వాటి నునుపును పోగొడుతుంది. అటువంటి బండలను తేలికపాటి సబ్బునీళ్లతో, మెత్తని బ్రష్షుతోనే కడుగవలెను. మరక పోవాలన్న కోపములో బండను పాడుచేసికొనవద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. రాజులు రెండవ గ్రంథము 2వ అధ్యాయములో యెరికో పట్టణస్థులు ఎలీషా యొద్దకు వచ్చారు. ఊరు ఉన్న చోటు బాగున్నది గాని నీళ్లు మంచివి కావని మొర పెట్టుకొన్నారు. అప్పుడు ఎలీషా ఇంటింటికి వెళ్లి కుండలు కడిగించాడా? లేదు. ఆయన నేరుగా నీటి ఊట యొద్దకు వెళ్లాడు. ఈ మాట మన జిల్లాల వారికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి.

మన నీళ్లలో ఏ గోడ మీద కనబడనిది ఇంకొకటి ఉన్నది. అది ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. గమనించండి, బకెట్టు మీది తెల్లని పొర ఫ్లోరైడ్ కాదు. ఆ పొర ఉన్నంత మాత్రాన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని చెప్పలేము. పొర లేకపోయినంత మాత్రాన నీళ్లు మంచివనియు చెప్పలేము. బకెట్టు తళతళలాడే ఇంటిలో కూడ ఫ్లోరైడ్ ఉండవచ్చును. నీళ్లు కాచినా అది పోదు. ఆవిరై నీరు తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏండ్ల తరబడి త్రాగితే అది పండ్ల మీద, మరీ ఎక్కువైతే ఎముకల మీద మరక వేస్తుంది. పుట్టిన నాటి నుండి సుమారు 8 ఏండ్ల వరకు, చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారగు కాలములోనే పసుపు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఆ మరక పంటి పైపొర లోపలిది. బొగ్గుతో, ఇటుక పొడితో తోమితే మరక పోదు, పన్ను అరుగుతుంది. షాబాదు బండకు యాసిడ్ పోసినట్లే! దంతవైద్యుడు దానిని కొంత తగ్గించగలడు, కప్పగలడు. మన చేతి రాపిడి మాత్రము చేయగలిగినది ఏమియు లేదు.

మన సంఘాలలో పాట పాడునప్పుడు నోటికి చెయ్యి అడ్డము పెట్టుకొనే ఆడపిల్లలను మీరు చూడలేదా? ఆ పిల్ల పండ్లు తోముకొనక పోవుట వలన ఆ చారలు రాలేదు. ఆమె ఊరిలో దొరికిన నీళ్లు త్రాగినది, అంతే. పెండ్లి చూపులలో ఆ పండ్లను వంకగా చూపే పెద్దలారా, ఊట చేసిన దానికి పిల్లను శిక్షించుట న్యాయమా?

ఊట యొద్దకు వెళ్లిన వారు మన కాలములోను ఉన్నారు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరులతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానమును రూపొందించారు. దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. లోకములోని ఇతర దేశాల వారు కూడ ఆ పేరుతోనే దానిని నేర్చుకొన్నారు. తరువాత మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వెలిసింది, 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభోత్సవము జరిగింది. కృష్ణా నీళ్లు గొట్టాల ద్వారా మన పల్లెలకు వచ్చాయి.

అయితే ప్రియులారా, గొట్టము వచ్చినా మన అలవాటు మారవలెను. నల్లా రాని దినమున బోరు నీళ్లకే వెళ్లుట సులువు. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడండి, తప్పు లేదు. త్రాగుటకు మాత్రమే గాక అన్నము, పప్పు వండుటకు కూడ మంచి నీళ్లే వాడండి. నీళ్లు తక్కువగా ఉన్న దినమున మొదటి బిందె గర్భిణికి, చిన్నపిల్లలకు కేటాయించండి. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కండ్లతో చూచి తీర్పు తీర్చవద్దు.

నల్లా మీది మరకను నిమ్మకాయతో, ఓపికతో తీయండి. పిల్లల పండ్ల మీదికి రాబోయే మరకను ఊట యొద్దనే ఆపండి. ఇదివరకే ఆ మరక మోయుచున్న వారి యెడల చిరునవ్వుతో మెలగండి, వారును చెయ్యి తీసి నవ్వగలుగుదురు. ప్రభువు మీ ఇంటిని, మీ ఊరి నీటిని దీవించును గాక. ఆమేన్.