చేయి పట్టి ఆపడమూ సహాయమే

దౌర్జన్యానికి గురైన సోదరునికే కాదు, దౌర్జన్యం చేసే సోదరునికీ సహాయపడమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. అతణ్ణి ఆ పని నుండి ఆపడమే సహాయమని వివరించారు.

2014లో ఐసిస్‌లో చేరాలని ఇల్లు విడిచిన హైదరాబాద్ యువకులను పోలీసులు పశ్చిమ బెంగాల్‌లో ఆపి, నచ్చజెప్పి, తల్లిదండ్రులకు అప్పగించారు. అయితే 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత అరెస్టయి, చివరకు నిర్దోషులుగా తేలిన ముస్లిం యువకులనూ మనం మరువలేదు. నేటికీ ఎందరో తండ్రుల నోరు నొక్కుతున్నది ఆ భయమే.

మన వెల్దుర్తిలో బిడ్డ రాత్రంతా ఫోనులో ఎవరి ప్రసంగాలు వింటున్నాడో మొదట ఇంటివారే ప్రేమతో అడగాలి. జవాబు కలవరపెడితే ఇమాముకు, జమాఅతు పెద్దలకు చెప్పాలి. కక్షతో పొరుగువాని బిడ్డపై నింద మోపడం మాత్రం ఘోర పాపం. పోలీసు స్టేషనుకు వెళ్ళక తప్పనినాడు ఆ తండ్రిని ఒంటరిగా పంపకండి; పెద్దలు నలుగురు వెంట నడవండి.