పాల వ్యాను పొగ పరీక్షలో తప్పితే

మన పాలు మోసే డీజిల్ వ్యాను పొగ పరీక్షలో తప్పితే బండి ఆగుతుంది. బండి ఆగితే పాలు విరుగుతాయి. నష్టం మనందరిదీ. భారత్ స్టేజ్-4 డీజిల్ బండి పొగ 50 హార్ట్రిడ్జ్ యూనిట్లు మించరాదు. అంతకు ముందు ప్రమాణాల బండ్లకు హద్దు 65.

నల్లపొగ వస్తే ఇంజనుకు గాలి చాలడం లేదనో, డీజిల్ ఎక్కువవుతోందనో గ్రహించాలి. కనుక తక్కువ ఖర్చు పనితోనే మొదలుపెడదాం. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూద్దాం. మన మట్టిరోడ్ల దుమ్ముకు అది త్వరగా పూడుకుపోతుంది. తర్వాత ఇంజెక్టర్ నాజిళ్లు, పాత బండ్లలో పంపు టైమింగు పరీక్ష చేయిద్దాం. నీలిపొగ అయితే ఇంజనాయిలు కాలుతున్నట్లే. రింగులు, వాల్వు సీళ్లు చూపించాలి. ఇంజను బాగా వేడెక్కాకే పరీక్షకు నిలపాలి.

సర్టిఫికెట్ గడువు తేదీని సంఘం బోర్డు మీద రాసిపెట్టుకుందాం. గడువుకు వారం ముందే బండిని చూపిద్దాం.