ముండ్లపొదలలోని వంశచరిత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పితృతర్పణము విడుచునపుడు కర్త తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పును. అంతకు పైతరమువారి పేరడిగినచో తడుముకొనని గృహస్థు అరుదు. ఈ మరపుతో పెనుగులాడుట ఏ యొక్క జాతికో పరిమితమైన పని కాదు. పందొమ్మిదవ శతాబ్దమున బండ్లు కట్టుకొని అమెరికా పడమటి భూములకు వలసపోయిన కుటుంబముల వారసులు, నేడు పొదలలో మునిగిన తమ పూర్వుల సమాధులను వెదకుచున్నారు. వారి వెదకులాట రీతి గ్రామచరిత్ర వ్రాయగోరు వారందరికిని పనికివచ్చునది.

ఆ భూములు అంతకుముందు జనశూన్యములు కావు. అచ్చటి ఆదిమజాతులను తొలగించిన పిమ్మటనే వలసవచ్చినవారికి తొలి నివాసులను పేరు దక్కినది. 1862 నాటి హోంస్టెడ్ చట్టము, అయిదేండ్లు నివసించి సాగుచేసినవారికి 160 ఎకరముల వరకు భూమి నిచ్చెను. సమీపమున ఊరు లేదు, చర్చి లేదు. ఇంట నెవరైన మరణించినచో పలువురు చేని మూలనే పూడ్చిపెట్టిరి. కాలక్రమమున పొలములు చేతులు మారెను, కుటుంబములు వెడలిపోయెను, పొదలు పెరిగెను.

అట్టిచోటికి పోయినవారికి మొదట తోచునది కొడవలి పట్టి అంతయు నరికివేయుట. అదియే తొలి పొరపాటు. పొదల నడుమ ఒక ఐరిస్ దుబ్బో, లిలాక్ చెట్టో కనబడినచో, అది ఏ తల్లియో బిడ్డ తలవైపున నాటినది కావచ్చును. శవపేటిక చివికి మన్ను కుంగిన పల్లము, పేరు చెక్కని మొరటురాయి – ఇవియు సాక్ష్యములే. చెక్కించుకొను స్తోమతు లేనివారికి అట్టి రాయియే గుర్తు. కావున ముందు పటము గీసి, ప్రతి గుర్తును వ్రాసికొని, పిమ్మట మొక్కలను వేళ్ళతో పెకలింపక నేలమట్టమునకు కోయవలెను. అయోవా రాష్ట్రమున రాచెస్టర్ అను సమాధిభూమి కలదు. నాగలి సోకని ఆ సుమారు 13 ఎకరములలో, చుట్టుపట్ల నశించిన గడ్డిమైదానపు మొక్కజాతులు వందలకొలది నేటికిని బ్రతికియున్నవి.

రాతిని చదువుటయు ఓర్పుతో కూడిన పని. ఇనుప కుంచెతో గీచినను, ఆమ్లములు పోసినను పాలరాయి పైపొర ఊడి, ఉన్న అక్షరములును పోవును. మంచినీరు, మెత్తని కుంచె చాలును. అద్దముతో ఎండను ప్రక్కవాటుగా ప్రసరింపజేసినచో అరిగిన అక్షరముల నీడలు తేలును. ఆనాటి రాళ్ళపై వయస్సును సంవత్సరములు, నెలలు, దినములతో చెక్కు వాడుక కలదు. మరణదినము నుండి వెనుకకు లెక్కించినచో జన్మదినము దొరకును.

అయినను రాతిమాట వేదవాక్యము కాదు. మరణించిన యెన్నో యేండ్లకు మనుమలు నిలిపిన రాతిపై తేదీ తప్పవచ్చును. అందుచే కాగితముతో సరిచూడవలెను. 1850 నాటి జనాభా లెక్కలలో మొట్టమొదటిసారిగా స్వతంత్రులైన ప్రతివారి పేరును వ్రాసిరి. బానిసలకు మాత్రము, యజమాని పేరు క్రింద, వయస్సే కాని పేరు సామాన్యముగ వ్రాయలేదు. ఆ లెక్కలతోపాటు, వెనుకటి పండ్రెండు నెలలలో మరణించినవారి పట్టికలు వేరుగ తయారైనవి. గొఱ్ఱెపిల్ల బొమ్మ మాత్రమే మిగిలిన యొక చిన్నరాయి ఏ పసివానిదో తెలియనపుడు, ఆ పట్టికలో పేరు, వయస్సు, మరణించిన నెల, కారణము దొరకవచ్చును. 1890 నాటి లెక్కలో, 1921లో వాషింగ్టనున జరిగిన అగ్నిప్రమాదము మూలమున చాలవరకు నశించినవి. కాగితమునకును చావు కలదు.

మరి రాయియే లేనివారి మాటేమి? ఈ ప్రశ్న తెలుగువారి గడపకు వచ్చి నిలుచును. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మదరాసు నుండి కూలీలను గొని దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరెను. 1911 వరకు అట్లు భారతదేశము నుండి అచ్చటి చెఱకుతోటలు మొదలగువానికి పోయినవారు లక్షా యేబదివేలకు పైబడిరి; వారిలో తెలుగువారు పెక్కురు. వారి పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, జిల్లా ఓడ పట్టికలలో నమోదైనవి. పలువురి వారసులకు పూర్వుల సమాధి దొరకదు. ఆ పట్టికలోని పంక్తియే సమాధిరాయి. కాని తెలుగు రాని గుమాస్తా చెవికి సోకినట్లు వ్రాసిన ఊరిపేరును పోల్చుకొనుట యెట్లు?

అచ్చటనే గ్రామ గ్రంథాలయమునకు పని కలదు. ఊరి పాతపేర్లు, శివారు పల్లెల పేర్లు, ఇంటిపేర్లు, దూరదేశములు పోయి తిరిగిరానివారిని గూర్చి వృద్ధులు చెప్పు మాటలు – వీనిని ఒక పుస్తకమున వ్రాసి భద్రపరచుటకు ధనముతో పనిలేదు. వృద్ధుడొకడు కన్నుమూసిన యింట పొద పెరుగుటకు ఎంతోకాలము పట్టదు. సముద్రములు దాటి యెవరో ఒకనాడు ఒక పేరు పట్టుకొని ఈ ఊరు వచ్చినపుడు, ఆ పుస్తకము వారికి త్రోవ చూపవలెను.