బల్ల వెనుక నిలిచిన గురువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాగలమడికవాణ్ణి పిలిచి మాట్లాడమంటే సుబ్రహ్మణ్యస్వామిని గురించి చెపుతాడని మీరనుకొని ఉంటారు. కుక్కెలో ఆది సుబ్రహ్మణ్యుడు, ఘాటిలో మధ్య సుబ్రహ్మణ్యుడు, మా పినాకిని ఒడ్డున అంత్య సుబ్రహ్మణ్యుడు. పుష్యశుద్ధ షష్ఠికి మా స్వామి రథం కదులుతుంది. ఆ కథ మీకు తెలిసినదే. నేడు మన తెలుగువారిదే మరొక దేవాలయాన్ని గురించి చెప్పదలచినాను. మా పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. దేవుడితో ఏ భాషలో మాట్లాడాలి అన్నది మాకు చిన్ననాటినుంచీ ఉన్న ప్రశ్న. అదే ప్రశ్న డోర్నకల్లు వారికి మరొక రూపంలో ఎదురైనది.

బెజవాడనుంచి కాజీపేటకు రైలులో పోయినవారికి డోర్నకల్లు జంక్షను తెలుసు. అక్కడ దిగి ఊళ్లోకి వెళ్లినవారు తక్కువ. అక్కడి ఎపిఫనీ కెథెడ్రలుకు 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగినది. చూస్తే ఇంగ్లండు గుడిలా ఉండదు. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు మన గుడి మండపాన్ని తలపిస్తాయి. కట్టించినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమ తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికను సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయినారు. పెద్దవాడైన తరువాత తెలుగు నేర్చుకొని తెలుగులో బోధించినాడాయన. (మన పిల్లలకు తెలుగు రావడం లేదని దిగులుపడే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.)

అంతకు ముందు సంగతి వేరు. 1841లో నోబిల్, ఫాక్స్ దొరలు బందరులో దిగినప్పుడు వారి వెంట ఇంగ్లండు ప్రార్థన పుస్తకం వచ్చినది. అది తెలుగైనా నడక ఇంగ్లీషుదే. చాలా గుళ్లలో బల్ల తూర్పు గోడనానుకొని ఉండేది. గురువు జనానికి వీపు పెట్టి నిలిచేవాడు. పల్లెల్లో మాత్రం జనం తమ పద్ధతి విడువలేదు. చెప్పులు బయట విడిచి, చాపల మీద ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు కూర్చొని, పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడుకొన్నారు. నన్నడిగితే, గుడిని మొదట మార్చినది బిషపులు కాదు, ఈ చాపల మీది జనమే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘంవారు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనారు. దానికోసం ఏళ్ల తరబడి పాటుపడిన అజరయ్యగారు 1945 జనవరి 1నే కన్నుమూసినారు, చూడలేకపోయినారు. 1950లో కొత్త ఆరాధన క్రమం వచ్చినది. గురువు బల్ల వెనుకకు వెళ్లి జనానికి ఎదురుగా నిలిచినాడు. రోమను కథోలికులలో ఈ మార్పు 1960 తరువాతగాని వ్యాపించలేదు. ఆరాధన మొదట బైబిలును లోనికి తెచ్చేది స్కాట్లాండు వారి అలవాటు. చేతిలో చేయి కలిపి సమాధానాన్ని ఒకరినుంచి ఒకరికి అందించుకొనేది కేరళ సిరియను క్రైస్తవుల నుంచి వచ్చినది. ఈ రెండోదే నాకు గొప్పగా తోస్తుంది. ఒకప్పుడు ఒకే బావి నీళ్లు తాగనివారు గుళ్లో చేతులు కలపవలసి వచ్చినది. కలిపిన చేతులు వీధిలోకి వచ్చి విడిపోలేదని నేను చెప్పలేను. పేట కట్టుబాట్లు గుడి గడప దగ్గర ఆగిపోతాయా!

అందరూ చేరలేదు కూడా. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో చాలామంది 1947లో బయటనే నిలిచినారు. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని గురువుల వద్ద సంస్కారం తీసుకోవడం వారి మనసు ఒప్పుకోలేదు. దీన్ని మొండితనమన్నవారున్నారు. నేననను. తాతలు ఇచ్చినదాన్ని విడవడానికి భయపడడం పరాయి చోట బతికే మనకు తెలియని భయమా? ఒకే సీమలో బంధువులు రెండు సంఘాలుగా ఉండిపోయినారు. పాతికేళ్లు దాటిన తరువాతగాని నంద్యాల వారు కలియలేదు.

ఆ నంద్యాలలోనే, 2013 సెప్టెంబరులో, ఎగ్గోని పుష్ప లలిత గారు బిషప్‌గా అభిషిక్తులైనారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి స్త్రీ బిషప్ ఆమె. ఒకనాడు గురువుకు సరైన అభిషేకం ఏదని వెనుకాడిన చోట, అందరికంటె ముందుగా ఒక తెలుగు ఆడపడుచు బల్ల వెనుక జనానికి ఎదురుగా నిలిచినది.

మన కుటుంబాలలో కొందరు ఆదివారం సాయంత్రం ఇతరుల గుడిని అడిగి పుచ్చుకొని తెలుగు ఆరాధన జరుపుకొంటున్నారు. ఒకసారి నేనూ వెళ్లినాను. పెద్దలు కీర్తన చూడకుండా పాడుతున్నారు. పిల్లలు అదే కీర్తన ఇంగ్లీషు అక్షరాలలో రాసుకొన్న కాగితాలు పట్టుకొని, తాళం తప్పకుండా, వెనుకనే పాడుతున్నారు.